మొదటి గ్లాసు నేను ఎత్తను

మా ఇంట్లో మగవాడు పోతే, దినాల నాడు మొదటి మందు గ్లాసు అతని పెద్దకొడుకు ఎత్తాలి. అతను ఒక గుక్క తాగాకే మిగతా చుట్టాలు తాగుతారు. ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. కర్మ చేయించే అయ్యవారికి దీంతో సంబంధం లేదు, ఆయన తన పని ముగించుకుని వెళ్లిపోయాక మొదలయ్యే తంతు ఇది. మా తాత దినాలకు మా బాపు ఎత్తాడు. కోరుట్లలో మా వాకిట్లో, గుండు చేయించుకున్న తలతో, ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేసి నేల మీద బోర్లించాడు. చుట్టాలంతా "శభాష్" అన్నారు. నేను అప్పుడు బడికి పోయే వయసులో ఉన్నాను. ఆ శభాష్ చాలా ఏళ్లు నా చెవిలో ఉంది.

బాపు మంచం పట్టిన సంవత్సరమే నేను తాగుడు మానేశాను. రేపు బాపు పోతే ఆ గ్లాసు సంగతి ఏమిటన్న ప్రశ్న అప్పటి నుంచే నా వెంట తిరిగింది.

ఎందుకు తాగాను, ఎంత తాగాను, ఏమేం పోగొట్టుకున్నాను అనేవి ఇక్కడ రాయను. అవి వినాలని సరదా పడేవాళ్లు ఎక్కువ, వాటితో పని ఉన్నవాళ్లు తక్కువ. ఎక్కడికి వెళ్లానో మాత్రం రాస్తాను. ఎందుకంటే ఆ చోటు కనుక్కోవడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

నేను జగిత్యాలలో ఒక దినపత్రికకు విలేకరిని. వైన్ షాపుల లాటరీ నాడు ఫంక్షన్ హాలు ముందు జనం ఎట్లా తోసుకుంటారో, ఏ ఊళ్లో ఏ కిరాణా కొట్టు వెనుక బెల్టు షాపు నడుస్తుందో, ఏ పర్మిట్ రూములో ఏ నాయకుడు ఏ మూల కూర్చుంటాడో చెప్పగలను. తాగడం మానేసినవాళ్లు ఎక్కడ కూర్చుంటారో మాత్రం నాకు తెలియదు. మా జిల్లా పేజీలో ఎప్పుడో ఒకసారి చిన్న వార్త వచ్చినట్టు గుర్తు. ఆఫీసులో పాత పేపర్ల కట్టలు దించి వెతికాను. దొరికింది. ఒకటి కాదు, చాలాసార్లు వచ్చింది. "తాగుడు మానాలనుకునే వారి కోసం ప్రతి ఆదివారం ఉదయం సిరిసిల్లలో సమావేశం జరుగుతుంది. తాగుడు మానినవారే దీన్ని నడుపుతారు. ఆసక్తి గలవారు" అని ఉంది. అక్కడితో వార్త అయిపోయింది.

పేపరు పని తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చోటు చాలకపోతే డెస్కు వాళ్లు వార్తను కింది నుంచి కోస్తారు. అందుకే ముఖ్యమైనది పైన రాయమని మాకు మొదటి రోజే చెబుతారు. ఆ సమావేశం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లు మర్యాదగా అన్నీ వివరించి, చిరునామా చివర్లో రాసేవారు. ప్రతిసారీ చిరునామానే పోయేది. ఆసక్తి గలవారు ఏం చేయాలో మా పేపరు ఒక్కసారి కూడా చెప్పలేదు.

జగిత్యాలలో ఎవరినైనా అడిగితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలిస్తే సాయంత్రం దాకా కూడా ఆగదు. సిరిసిల్లలో నన్ను ఎరిగినవాళ్లు లేరు కదా అనుకుని ఒక ఆదివారం పొద్దున వేములవాడ బస్సెక్కాను. నా ముందు సీట్లో ఒక నడివయసు ఆడమనిషి, చేతిలో గుడ్డసంచి, కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. రాజన్న గుడికి పోతున్నదనుకున్నాను. వేములవాడలో నేను సిరిసిల్ల బస్సు మారితే ఆమె కూడా మారింది. పుట్టింటికేమో అనుకున్నాను. అంతకు మించి పట్టించుకోలేదు. ఆమె మాత్రం ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

సిరిసిల్ల బస్టాండు బయట ఒక ఆటో డ్రైవరును పక్కకు పిలిచి అడిగాను.

"తాగుడు మానేటోళ్లు కూసుండే జాగ ఏదన్నా ఉందా, తమ్మీ?"

"తాగేటోళ్లు కూసుండే జాగ అడుగు సారూ, కండ్లు మూస్కోని దింపుత."

"అవి నాకు ఎరుకే."

అతను నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. "నీకేనా, ఇంకెవలకన్ననా?"

"పేపరు పని మీద" అన్నాను.

"అందరు గట్లనే అంటరు. మా బామ్మర్ది సుత మొదటిసారి పోయిననాడు కరెంటు మీటరు సూడనీకి పోతున్న అన్నడు. కూసో, కూసో."

సాంచాల గల్లీలో దింపాడు. మరమగ్గాన్ని మా దిక్కు సాంచా అంటారు. షెడ్డు నిండా సాంచాలు దడదడలాడుతున్నాయి. పక్క నుంచి ఇనుప మెట్లు, పైన ఒక అర్ర. మెట్లెక్కుతుంటే కాళ్ల కింద ఇనుము వణికింది. అర్రలో చాప మీద పదిమంది లోపు మగవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన, తానూ సాంచాలు నడిపే మనిషే, నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. పేరు అడగలేదు. చెవి దగ్గరకు వంగి, అరిచినట్టుగా చెప్పాడు.

"గీ సప్పుడు ఉన్నదనే గీ అర్ర తీసుకున్నం. కింద ఎవడు చెవి పెట్టినా ఒక్క ముక్క ఇనరాదు. ఒక్కటే కానూను. సాంచాలు ఆగితే మాట ఆపాలె. మల్ల నడిస్తే మల్ల చెప్పాలె."

ఆ కట్టుబాటు నాకు తెగ నచ్చింది. మా బాపు వయసులో ఉన్నప్పుడు ఈ సిరిసిల్లలోనే సాంచాలు నడిపాడు. ఆ చప్పుడుకు చెవులు పోగొట్టుకుని కోరుట్లకు తిరిగొచ్చాడు. సాంచాల మీద పనిచేసేవాళ్లు గొంతుతో మాట్లాడుకోరు, పెదాలు చూసి మాట అందుకుంటారు. ఆ అర్రలో సగం మంది అట్లాంటివాళ్లే. చెప్పేవాడు చెబుతుంటే అందరి కళ్లూ అతని మూతి మీదే ఉండేవి. చెప్పినట్టూ ఉంటుంది, ఊరికి తెలియనట్టూ ఉంటుంది. ఇజ్జత్ కాపాడుకుంటూ తాగుడు మానడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదనుకున్నాను.

ఇంతలో ఇనుప మెట్ల మీద అడుగుల చప్పుడు. బస్సులో చూసిన ఆడమనిషి గుమ్మంలో నిలబడింది. నన్ను చూసి నవ్వింది.

"నువ్వు పేపరోనివి గదా సారూ? మా బీడీలోళ్ల ధర్నాకు అచ్చి ఫోటో తీసినవ్. బస్సుల అనుకున్న, గీయనే గీయనే అని."

రాయికల్ దిక్కు మనిషి. జగిత్యాలకు పక్కనే. నన్ను ఎరిగినవాళ్లకు దూరంగా పోవాలని నేను వస్తే, తనను ఎరిగినవాళ్లకు దూరంగా పోవాలని ఆమె వచ్చింది. ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం.

పెద్దాయన ఆమెను అడిగాడు. "నీ ఇంటాయన రాలేదా అక్కా? ఆయనను తోల్కరావాలె గద."

"నా మొగనికేం రోగం, మంచిగనే ఉన్నడు. తాగేది నేను."

చాప చివర కూర్చున్న ఒకతను సర్దిచెప్పబోయాడు. "ఏం తాగుతవక్కా? కల్లేనా? కల్లు మందేంది, గది చలువ. కల్లు నేను సుత తాగుత. దానికి గింత దూరం రావాల్నా?"

"చలువనా? మరి పొద్దుగాల కల్లు పడకపోతే నా చేతులెందుకు వణుకుతయి తమ్మీ, చలువకా?"

అతను తల వంచుకున్నాడు. తాగుడు మానేశానని అందరికీ చెబుతూ సాయంత్రం కల్లు కంపౌండుకు పోయే మనిషి అని తర్వాత తెలిసింది. మా దిక్కున ఈ పొరపాటు చాలామందిది. సీసాలో వస్తేనే మందు, కుండలో వస్తే కాదు. బాలింతకు పోస్తారు, అమ్మవారికి సాక పోస్తారు, అది తాగుడెట్లా అవుతుంది?

ఆమె కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే వేళ్లు మాట వినడం లేదట. ఆకు చినిగిపోతుందట. కార్ఖానాలో తన కట్టలు ఏరి పక్కకు పడేస్తున్నారట. ఒకనాడు మురికినీళ్ల మోరీలో పడిపోతే బిడ్డ వచ్చి లేపిందట. సరిగ్గా అక్కడ కరెంటు పోయింది.

సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. అప్పటిదాకా ఆ చప్పుడులో ఉన్న చెవులకు ఆ నిశ్శబ్దం దెబ్బలా తగిలింది. పెద్దాయన చెయ్యెత్తాడు, ఆగమని. ఆమె ఆ చేతిని చూసింది. కిటికీ వైపు చూసింది. కింద గల్లీలో నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు అరుగుల మీదికి వచ్చి కూర్చుంటున్నారు. చప్పుడు మీద గెలవడానికి పెట్టిన గొంతునే ఆమె తగ్గించకుండా కొనసాగించింది.

"ఎందుకు ఆగాలె? దొంగతనం జేసిన్నా? మోరీల పడ్డనాడు వాడకట్టంత సూసింది. అప్పుడెవలు చెయ్యెత్తలే. ఇప్పుడు మానుత అంటే చెయ్యెత్తుతరు. మీకు సిగ్గయితే చెవులు మూస్కోండ్రి, నేనైతే చెప్త."

కింద నుంచి ఒక ముసలి గొంతు కేకేసింది. "గట్టిగ చెప్పు బిడ్డా! అటు మొకం పెట్టి చెప్తున్నవ్, ఇటు ఇనస్తలేదు!"

గల్లీలో నవ్వులు. అర్రలో పెద్దాయన ముందుగా నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం. ఆమె కిటికీ దగ్గరికి జరిగి కూర్చుని, మిగిలింది కూడా చెప్పింది. కరెంటు వచ్చాక నా వంతు వచ్చింది. సాంచాల చప్పుడు చాటున నాలుగు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. నాకు అంత గొంతు అప్పటికి లేదు.

తర్వాత ఆదివారాలు పోవడం మానలేదు. మా వృత్తిలో ప్రతి సమావేశం మందు విందుతోనే ముగుస్తుంది. "మీటింగుల ఏం నేర్పుతరు రా, తాగకుంట పండ్లు తోముకునుడా?" అని నవ్వినవాళ్లున్నారు. "జర అలవాటుకు ఒక్క పెగ్గు, దోస్తు కోసం" అన్నవాళ్లున్నారు. నవ్వినవాళ్లతో నాకు ఇబ్బంది లేదు. బతిమాలేవాళ్లతోనే కష్టం.

కోరుట్లలో బాపును చూడటానికి పోయినప్పుడల్లా ఆదివారం వెళ్లిపోయేవాణ్ని. ఒకరోజు ఆయన మంచం మీంచే అడిగాడు, చెవులు పోయినవాళ్లు అరిచినట్టు అరుస్తూ. "ఐతారం ఐతారం ఏడికి పోతున్నవ్ రా?"

వాకిట్లో పక్కింటివాళ్లున్నారు. చిన్నప్పటి నుంచి అలవాటే కాబట్టి గొంతు లేకుండా పెదాలతో చెప్పాను. తాగుడు మానే మీటింగుకు.

"తాగుడు మానే మీటింగా?" అని ఆయన మొత్తం వాడకట్టుకు వినిపించేలా అన్నాడు. పక్కింటివాళ్లు తిరిగి చూశారు. "మరి నేను సచ్చినంక మొదటి గ్లాసు ఎవడు లేపుతడు?"

నేను లేపనని పెదాలతోనే చెప్పాను.

బాపు కాసేపు నా మూతి వైపే చూశాడు. ఇంకేమైనా చెబుతానేమోనని కావచ్చు. "సచ్చినోడు అడుగుతడారా? బతికినోళ్లు అడుగుతరు. గా బతికినోళ్లకు చెప్పుకో పో" అని అటు తిరిగి పడుకున్నాడు. మంచిదనలేదు, చెడ్డదనలేదు. ఆ మాటలో నాకు అనుమతి ఉందో ఎగతాళి ఉందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

బాపు ఎండాకాలం మొదట్లో పోయాడు. తమ్ముడు దుబాయ్ నుంచి వచ్చాడు. దినాల నాడు పిట్టకు పెట్టడానికి ఊరవతల కాలువ గట్టుకు పోయాం. ఇస్తరాకులో అన్నం, మేకకూర, గారెలు, పక్కన బాపుకు ఇష్టమైన మందు సీసా మూత తీసి పెట్టాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడికి మనసులో ఏదో వెలితి ఉన్నట్టు. అందరం దూరంగా నిలబడ్డాం. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చుని అరుస్తున్నాయి, కిందికి దిగడం లేదు. ఎండ పెరిగింది.

బాపు తమ్ముడు, మా చిన్నబాపు, తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. నేను గ్లాసు ఎత్తనన్న సంగతి ఆయనకు అప్పటికే చేరింది. "పెద్దోడు మొండికేసిండని అన్నకు తెల్సింది. గందుకే దిగుతలేడు" అన్నాడు.

తమ్ముడు నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు. "అన్నా, మూతి తడుపు చాలు. ఉత్తగ. అయిపోతది."

చిన్నబాపు రెండడుగులు ముందుకేసి చెట్టు వైపు చేతులు జోడించాడు. "అన్నా! రా అన్నా! నీ పెద్దకొడుకు తాగుతడు, నేను తాగిపిస్త. నా జిమ్మ. రా!"

నా తరపున కాకికి మాట ఇచ్చేశాడు. అందరూ నా వైపు చూశారు. నేను ముందు పాత అలవాటు ప్రకారం పెదాలతోనే అన్నాను, బాపుతో ఎప్పుడూ మాట్లాడినట్టు. తాగను బాపూ. కానీ బతికినోళ్లకు చెప్పుకోమన్నది కూడా ఆయనే. వాళ్లలో పెదాలు చదివేవాళ్లు లేరు.

"బాపూ, చిన్నబాపు మాట నమ్మకు. నేను తాగ. వస్తే రా, రాకుంటే నీ ఇష్టం" అన్నాను, కాలువ అవతలికి వినిపించేలా.

"సచ్చినోనితోని గిట్ల మాట్లాడుతరా రా!"

"నువ్వు మాట్లాడినవ్ గద. నువ్వు నా తరపున మాట్లాడినవ్, నేను నా తరపున మాట్లాడిన."

"నీకు మీటింగుల గిదే నేర్పిండ్రా? పెద్దల మొకం మీద ఎగురుడు?"

ఈ గొడవలో ఉండగా వెనుక నుంచి ఎవరో "అచ్చింది, అచ్చింది" అన్నారు. తిరిగి చూసేసరికి కాకి మాంసం ముక్కతో లేచిపోతోంది. తాను పూచీ తీసుకున్నాకే వచ్చిందని చిన్నబాపు అన్నాడు. నేను తాగనన్నాకే వచ్చిందని నేనన్నాను. అచ్చింది అన్నవాళ్లు కూడా అది ముక్క పట్టుకున్నాకే చూశారట, దిగిన క్షణం చూసిన సాక్షి ఒక్కడూ లేడు. ఇన్నేళ్లు వార్తలు రాసిన మనిషిగా ఇంతకంటే ఏమీ చెప్పలేను.

ఇంటికొచ్చేసరికి సిరిసిల్ల పెద్దాయన, బీడీల అక్క వాకిట్లో కుర్చీల మీద కూర్చుని ఉన్నారు. నేనే రమ్మన్నాను. అయ్యవారి పని అయిపోయింది. చాపలు పరిచారు. చుట్టాలు వరసగా కూర్చున్నారు, నన్ను మొదట కూర్చోబెట్టారు. చిన్నబాపు గ్లాసులో పోసి నా ముందు పెట్టాడు. ఆ వాసన నాకు తెలుసు. తెలియనట్టు నటించను. ముక్కు దానివైపే పోయింది, నోట్లో నీరు ఊరింది.

"నేను గీ గ్లాసు ఎత్తనే ఎత్త" అన్నాను.

వాకిలంతా నిశ్శబ్దమైంది, సాంచాలు ఆగినట్టు. చప్పుడు ఆగితే మాట ఆపాలన్న అలవాటు కొద్దీ నా నోరు మూతపడింది కూడా. తల ఎత్తితే అక్క కనిపించింది. ఆమె నన్ను చూడటం లేదు. సంచిలోంచి వక్కపలుకు తీసి నోట్లో వేసుకుంటోంది, నేను చెబుతానన్న నమ్మకంతోనో, చెప్పకపోతే తానే చెబుదామనో.

"నేను తాగుబోతును చిన్నబాపు. గీడున్నోళ్లందరికి ఎరుకే, ఎవలు నోరు తెరిచి అనరు. నేనే అంటున్న. ఐతారం ఐతారం సిరిసిల్లకు మీటింగుకు పోత. గీ అన్న, గీ అక్క గాడికి అచ్చేటోళ్లే. నువ్వు ఒక్క గుక్క అంటున్నవ్. నీకు ఒక్క గుక్కతోని ఆగుతదేమో. నాకు ఆగదు."

"ఇజ్జత్ తీసినవ్ గదరా, గింతమందిల!"

అక్క వక్క నములుతూనే అందుకుంది. "నేను మోరీల పడ్డనాడు మా ఇంటోళ్ల ఇజ్జత్ పోలే అన్నా. మీటింగుకు పోతున్న అన్ననాడు పోయిందట. గదేం ఇజ్జతో ఏమో, తాగితే ఉంటది, మానితే పోతది."

"నువ్వెవరమ్మా?"

"బీడీలు జేస్త. గీ సారు, నేను ఒక్క బస్సుల పోతం."

చిన్నబాపు అక్క వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు. గ్లాసు తీసి తమ్ముడి ముందు పెట్టాడు. తమ్ముడు నా వైపు చూశాడు. నేను అవుననలేదు, వద్దనలేదు. వాడి గ్లాసు వాడిది. వాడు ఎత్తి తాగాడు, బోర్లించాడు. ఎవరూ శభాష్ అనలేదు. అందరూ తమ తమ గ్లాసులు అందుకున్నారు. నేను లేచి వడ్డించేవాళ్లలో కలిశాను. వరసలో మొదటి చోటు అట్లా పోయింది. మళ్లీ దక్కదని నాకు తెలుసు, అక్కర్లేదు కూడా.

బువ్వలయ్యాక చిన్నబాపు చేతులు కడుక్కుంటూ నా పక్కన నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాగినందుకో, అన్న పోయినందుకో, రెండింటికీనో.

"యాడాది మాసికం అస్తది గద. అప్పుడు సూస్త నిన్ను."

"సూడు. యాడాది మాట నేనిప్పుడు చెప్ప. ఇయ్యాలయితే తాగలే."

ఆ తర్వాత వచ్చిన ఆదివారం జగిత్యాల బస్టాండులో వేములవాడ బస్సు నిండుగా ఉంది. అక్క నాకోసం గుడ్డసంచి పెట్టి సీటు ఆపింది. వెనుకవాళ్లు ఏమనుకుంటారోనని ఇదివరకు ఆమెకు నాలుగు సీట్ల అవతల కూర్చునేవాణ్ని. ఆ రోజు ఆమె పక్కనే కూర్చున్నాను. నా గుండు చూసి ఎదుటి సీటాయన గుడికేనా అని అడిగాడు.

"కాదు, సిరిసిల్లకు. మీటింగుంది."

"ఏం మీటింగు? పార్టీదా?"

"తాగుబోతులది" అన్నాను.

మాటలు ఆగిపోయాయి. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి చూశాడు. ఇద్దరు ముగ్గురు మెడలు తిప్పారు. నేను గొంతు తగ్గించలేదు.

"పొద్దుగాల, సాంచాల గల్లీల, షెడ్డు మీది అర్ర. ఎవలన్న రావచ్చు."